ఎనిమిది వందల నలభై

నార్లేన్‌లో, రైలుకట్ట పక్కనున్న మా షెడ్డుకొచ్చి
డార్కో పెట్రోవ్‌స్కీ తాళంచెవి బల్ల మీద పెట్టాడు.
"నొక్కుతాను. అది ఆలోచిస్తుంది.
నేను మనసు మార్చుకున్నాక, అప్పుడు దూకుతుంది."

జీలాంగ్‌లో ఇరవై ఆరేళ్లు ఇంజన్లకి బోల్టులు బిగించిన చేతులు.
ఫ్యాక్టరీ గేటు మూసిన ఏడాది కొన్న కారు:
ఆరు సిలిండర్లు, ఒక టర్బో, ఆటోమేటిక్ గేర్లు,
వెనక మనవరాలి సీటు, దాని కింద పొడైపోయిన బిస్కెట్లు.
మొన్న బేకస్ మార్ష్ రోడ్డెక్కబోతుంటే
లెట్యూస్ లోడు లారీ ఎంత దగ్గరికొచ్చిందంటే
డ్రైవరు మీసంలో నెరిసినవి లెక్కపెట్టాడట.
"అర సెకను," అన్నాడు. "అంతే. అర సెకను పోయింది ఎటో."

నేను తలూపాను.
నేను ఎక్కువ మాట్లాడను. నాకు నత్తి.
పేరు సుభాషిణి. బారసాలనాడు
ఎవరికీ తెలీదు కదా.

లాప్‌టాప్ తగిలించి యూ యాంగ్స్ కొండల వైపు వెళ్లాం.
తెర మీద నాలుగు గీతలు.
ఎర్రది అతని పాదం. గోడలా నిటారుగా లేచింది.
నీలంది థ్రాటిల్ రేకు. కంప్యూటర్
"నిజంగానా?" అని అడిగినట్టు సగం తెరిచి ఆగింది.
పచ్చది గేరు. ఆరు నుంచి మూడుకి దిగాలి,
ఒక క్లచ్ వదలాలి, ఇంకోటి పట్టాలి,
ఆ నడుమ ఎవరి చెయ్యీ ఎవరి చేతిలో లేని సందు.
ఇక నల్లది, టర్బో.
పొగ తోస్తేనే చక్రం తిరుగుతుంది,
చక్రం తిరిగితేనే గాలి,
గాలి వస్తేనే పొగ.
పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు.

మొత్తం ఎనిమిది వందల నలభై మిల్లీసెకన్లు.
అర సెకను కాదు. అతను తక్కువే చెప్పాడు.

ఆ ఖాళీ నాకు తెలుసు.
ఏడో తరగతి, హాజరు పట్టీ, ముప్పై ఒకటో నంబరు.
'ప్రె' దగ్గర పెదాలు అతుక్కుపోయేవి.
ముప్పై రెండు వెళ్లిపోయేది, ముప్పై మూడు వెళ్లిపోయేది,
ముప్పై నాలుగు నోరు తెరిచేసరికి
నా "ప్రెజెంట్ సార్" గది పైకప్పుకి తగిలేది.
ఒకటే నవ్వులు.
లోపల మాట ఎప్పుడో సిద్ధం.
ఇంజన్‌కి ఏ రోగమూ లేదు.

రెండు రోజులు పట్టికల్లో అంకెలు మార్చాను.
పాదం ఎంత అడిగితే రేకు అంత తెరవమన్నాను,
క్లచ్‌ల వెనక నూనె ఒత్తిడి పెంచాను,
నెమ్మదిగా వెళ్తుంటే పై గేరుకి తొందరపడొద్దన్నాను.
ఐదు వందల పది.
అక్కడ ఆగింది. ఇంక కదల్లేదు.

అతనికి చెప్పాలి. "మి..." అన్నాను.
"మి... మి..."
జనం ఇక్కడ నా వాక్యం లాక్కుని పూర్తి చేస్తారు,
దయతోనే, పక్క సీట్లోంచి కాలు చాపి యాక్సిలరేటర్ తొక్కినట్టు.
డార్కో కారు పైకప్పు మీద చెయ్యేసి నిలబడ్డాడు.
ఇంజన్ నిదానంగా తిరుగుతోంది. అతను రేడియేటర్ వైపు కూడా చూడలేదు.
"మిగిలింది గాలిది," అన్నాను చివరికి.
"దాన్ని తీసెయ్యలేను."

ఒక కిటుకు చెప్పాను.
సందు కనపడ్డాక తొక్కడం కాదు. కనపడక ముందే
ఎడమ కాలు బ్రేకు మీద ఉంచి, కుడి కాలితో కాస్త గాలి పుట్టించు.
కష్టమైన మాట ముందు
నేను "ఆఁ" అని ఊపిరి వదిలినట్టు.
ఇది మాత్రం పైకి చెప్పలేదు.

నా ముందే గేటు దగ్గర ప్రయత్నించాడు.
మెల్‌బోర్న్ రోడ్డు మీద తెల్ల వ్యాను దాటింది, వెనక బస్సు,
మధ్యలో కారు పొడవున్నర చోటు.
కారు ముక్కు కొంచెం వంగింది, ఆగింది,
వెళ్లిపోయింది.

బిల్లులో మెకానిక్ వ్యాఖ్య అని ఒక గడి ఉంటుంది.
పెన్ను ఎప్పుడూ తడబడదు.
రాశాను:
కొంత ఆలస్యం ఉంటుంది. సాధారణమే.